నాలుగేళ్ల పాపకు ఫినాయిలు, యాసిడ్ల గురించి ఎలా నేర్పాలి?

ప్రశ్న అడిగినవారు చెన్నై వేళచ్చేరిలో ఉంటున్న ఒక తల్లి. వారికి నాలుగేళ్ల కూతురు, ఏడాదిన్నర కొడుకు. పనిమనిషి నేల తుడిచే ద్రావకాన్ని ఖాళీ జ్యూసు సీసాలో పోసి బాత్‌రూమ్ గుమ్మం దగ్గర పెట్టగా, పాప మూత తీసి వాసన చూస్తూ కంటపడిందట. సమయానికి లాక్కున్నారు. ఇలాంటి వాటి గురించి పిల్లలకు ఏ వయసు నుంచి చెప్పాలి, చూపించి చెబితే లేనిపోని కుతూహలం పుడుతుందా, భయపెట్టి చెప్పడం మంచిదా, అన్నీ అల్మారాలో పెట్టి తాళం వేస్తే సరిపోదా అని అడిగారు. ‘రెండు దెబ్బలు వేస్తే అదే తెలుసుకుంటుంది, మా పిల్లలందరూ ఇలాగే పెరిగారు’ అని అత్తగారు అంటున్నారని కూడా రాశారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. మూడేళ్లు నిండని బిడ్డకు ఈ విషయంలో నేర్పగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆ వయసులో కాపాడేవి తాళమూ, పెద్దల కన్నూ మాత్రమే. మూడేళ్ల నుంచి నేర్పవచ్చు, నాలుగేళ్లకు తప్పకుండా నేర్పాలి. నేర్పవలసినవి రెండే సంగతులు. అడగకుండా దేనినీ నోట్లో పెట్టుకోకూడదు, వాసన చూడకూడదు. ఏదైనా జరిగితే వెంటనే వచ్చి చెప్పాలి, చెబితే ఎవరూ కొట్టరు. ఈ రెండింటిలో రెండోదే ముఖ్యమని నా అనుభవం. మొదటి సంగతి ప్రతి ఇంట్లోనూ ఎంతో కొంత చెబుతారు, రెండోది చెప్పే ఇల్లు నాకు అరుదుగా కనబడింది. మీ అత్తగారి మాటతో నేను ఏకీభవించలేకపోవడానికి కారణం కూడా అదే.

నాది నెల్లూరు జిల్లా. చెన్నైకి వచ్చి పిల్లల అత్యవసర విభాగంలో నర్సుగా 21 సంవత్సరాలు పనిచేశాను. ఇప్పటికీ నెలకొక శనివారం వ్యాసర్పాడి, కొరుక్కుపేట వైపు తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే వీధులలో తల్లులతోనూ బాల్వాడీ పిల్లలతోనూ కూర్చుని ఇదే విషయం మాట్లాడుతుంటాను. కింద రాస్తున్నవి అక్కడా ఇక్కడా చూసి నేర్చుకున్నవి.

మీ ఏడాదిన్నర బాబు సంగతి ముందు చూడండి, ఎందుకంటే నిజమైన ప్రమాదం మొదట అతనికే ఉంది. ఆ వయసు బిడ్డ లోకాన్ని నోటితో తెలుసుకుంటాడు. ‘ఛీ’ అని పది సార్లు అన్నా, ఆ మాట మీ ముఖంలోని కోపానికి సంబంధించినదని గ్రహిస్తాడు తప్ప, సీసాకు సంబంధించినదని గ్రహించడు. కాబట్టి వంటింటి తొట్టి కింద ఉన్న అరను ఈరోజే ఖాళీ చేయండి. ఎత్తులో పెట్టాము కదా అనుకోవడం చాలదు, రెండేళ్లకల్లా పిల్లలు ప్లాస్టిక్ స్టూలును లాక్కొచ్చి ఎక్కడం నేర్చుకుంటారు. ఎత్తుతోపాటు గడియో తాళమో ఉండాలి. పిల్లలు తీయలేని మూతలని కొన్ని సీసాల మీద రాసి ఉంటుంది, వాటిని నమ్ముకుని నిశ్చింతగా ఉండకూడదు. అమెరికాలో ఆ మూతలకు ఒక పరీక్ష ఉంది. మూడున్నర నుంచి నాలుగుంపావు ఏళ్ల మధ్య వయసు పిల్లల చేతికి ఇచ్చి చూస్తారు. మొదటి 5 నిమిషాలలో నూటికి 85 మంది తీయలేకపోవాలి, తీసే పద్ధతి చూపించిన తరువాత కూడా మొత్తం 10 నిమిషాలలో 80 మంది తీయలేకపోతే ఆ మూత నెగ్గినట్టే. అంటే నెగ్గిన మూతను కూడా అయిదుగురిలో ఒకరు తీయగలగవచ్చు. మన వీధిలో సైకిలు మీద తెచ్చి అమ్మే ఫినాయిలు సీసాలకు ఆపాటి మూత కూడా ఉండదు.

తాళం వేస్తే సరిపోదా అన్న ప్రశ్నకు ఇక్కడే సమాధానం ఉంది. తాళం తప్పనిసరి, కానీ అది మీ ఇంటికి మాత్రమే పనిచేస్తుంది. పాప రేపు పక్క ఫ్లాటుకు ఆడుకోవడానికి వెళుతుంది, వేసవి సెలవులకు ఊరు వెళుతుంది, పెళ్లిళ్లలో విడిదింట్లో పరుగులు తీస్తుంది. ఊళ్లో పశువుల కొట్టంలోనో చూరులోనో పురుగుమందు డబ్బా చెక్కి ఉంటుంది, పెరట్లో కిరోసిన్ సీసా ఉంటుంది. చెన్నై ఫ్లాటులో ఫలానా అల్మారా తెరవకూడదని మాత్రమే నేర్చుకున్న పిల్లకు అక్కడ ఆ అల్మారా కనబడదు. అందువల్ల చోటు గురించి కాకుండా అలవాటు గురించి నేర్పాలి.

ఇక నేర్పే పద్ధతి. మొదట మార్చుకోవలసింది మన మాట. తెలుగులో మనం దగ్గు తగ్గించేదాన్ని మందు అంటాము, ఎలుకను చంపేదాన్నీ మందే అంటాము. చీమల మందు, దోమల మందు, పురుగుల మందు, జ్వరం మందు అన్నీ ఒకే మాట. చెన్నై పిల్లలు బయట వినే తమిళంలో కూడా ‘మరుందు’ అన్న మాట అలాగే రెండు పనులూ చేస్తుంది. ‘మందు తాగితే తగ్గిపోతుంది’ అని అమ్మ రోజూ చెప్పే మాట విన్న మూడేళ్ల బిడ్డకు ‘దోమల మందు’ అన్నప్పుడు భయం ఎందుకు కలగాలి? నేను మాట్లాడే ప్రతి ఇంట్లోనూ ఒక్క మార్పు అడుగుతాను. ఎలుకల విషం, దోమల విషం, చీమల విషం అని పిలవండి. మందు అన్న మాటను జబ్బుకు వాడేదానికి మాత్రమే ఉంచండి. దానికి జతగా మరొకటి: సిరప్పును చాక్లెట్ అని, జ్యూసు అని చెప్పి తాగించకండి. ఆ పూట సులువుగా గడిచిపోతుంది గాని, సీసాలో ఉన్న రంగునీళ్లు తీయగా ఉంటాయని మనమే నేర్పినవాళ్లమవుతాము.

రెండోది, కళ్లతో చూసి ఏదీ తెలుసుకోలేమని పిల్లకు అనుభవంలోకి తేవడం. దీనికి నేను వాడే పద్ధతి చాలా చిన్నది. రెండు తెల్లని గిన్నెలలో ఒకదానిలో మెత్తని ఉప్పు, రెండోదానిలో మిక్సీలో పట్టిన పంచదార పోసి ఏది పంచదారో చూసి చెప్పమంటాను. ఒక చేయి ఒక గిన్నె వైపు, మరో చేయి మరో గిన్నె వైపు లేస్తాయి. తరువాత రెండు గ్లాసులు: ఒకదానిలో నీళ్లు కలిపిన పాలు, మరొకదానిలో బియ్యం కడిగిన నీళ్లు. మళ్లీ అదే తికమక. అప్పుడు ‘మరి తెలియనప్పుడు ఏం చేయాలి?’ అని అడిగితే, నాలుగేళ్ల పిల్లలలో కనీసం ఒకరైనా ‘నాకి చూడాలి’ అంటారు. నేను ఎదురుచూసేది ఆ జవాబు కోసమే. ‘నాకితే అది విషమైతే?’ అని అడిగి కాసేపు ఆగుతాను. ‘అమ్మను అడగాలి’ అన్న మాట వాళ్ల నోటినుంచే వచ్చేదాకా తొందరపడను. మనం చెప్పిన నియమం పిల్లలు మర్చిపోతారు, తాము పలికిన మాటను అంత త్వరగా మర్చిపోరు.

చూపించి చెబితే కుతూహలం పెరుగుతుందా అన్నారు. అసలు సీసాలను, ఖాళీ అయినవైనా సరే, చేతికి ఇచ్చి ఆటగా నేర్పితే తప్పకుండా పెరుగుతుంది. చేతిలో పట్టుకున్న వస్తువు పిల్లలకు తమ వస్తువైపోతుంది. పైగా కడిగామనుకున్న సీసాలో అడుగున నాలుగు చుక్కలు మిగిలే ఉంటాయి. కొన్ని బడులలో ఖాళీ ఫినాయిలు డబ్బాలు వరసగా పేర్చి పిల్లలచేత తాకిస్తూ పాఠం చెప్పడం నేను చూశాను, అది నాకు సమ్మతం కాదు. సూపర్‌మార్కెట్ కరపత్రాలలోని బొమ్మలు కత్తిరించి ‘అడగకుండా తినేవి, అడిగే తీసుకునేవి’ అని రెండు కుప్పలు పెట్టించండి. అసలు వస్తువులను మాత్రం మీరు వాడుతున్నప్పుడు దూరం నుంచి చూపించండి. ‘అమ్మ ఇప్పుడు దీంతో బాత్‌రూమ్ కడుగుతోంది, ఇది చర్మాన్ని కాలుస్తుంది, అందుకే చేతికి తొడుగు వేసుకున్నాను, పని అయిపోగానే లోపల పెట్టి గడియ వేస్తున్నాను’ అని చేస్తున్న పనిని చేస్తున్నట్టే చెబుతూ ఉంటే పది రోజులలో పిల్ల ఆ వరసను మీకే అప్పజెబుతుంది.

భయపెట్టడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అమెరికాలో పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో 1971లో ఒక గుర్తు తయారుచేశారు. పుర్రె, ఎముకల గుర్తు చూస్తే పిల్లలకు సముద్రపు దొంగల కథలు గుర్తుకొస్తున్నాయని, దాని బదులు నాలుక బయటపెట్టి ముఖం చిట్లించిన పచ్చరంగు బొమ్మను విషపు సీసాల మీద అతికించమన్నారు. దాని పేరు మిస్టర్ యక్. ఎంతో ప్రచారం జరిగింది. తరువాత చేసిన పరిశీలనలలో ఆ బొమ్మ ఉన్నంత మాత్రాన చిన్నపిల్లలు సీసాలకు దూరంగా ఉండలేదని తేలింది. కొందరు ఆ బొమ్మ ఉన్న సీసాలనే ఇష్టంగా పట్టుకున్నారు. మన ఇళ్లలో బూచాడి పేరు చెప్పి చేసే పని కూడా ఇలాంటిదే. బూచాడు రాలేదని ఒకసారి తెలిసిన తరువాత ఆ సీసా మీద ఉన్న భయం కూడా పోతుంది. జరగబోయే నిజాన్ని పిల్ల వయసుకు తగినట్టు చెప్పండి: ‘గొంతు కాలిపోతుంది, అన్నం మింగలేవు, ఆసుపత్రిలో ఉండాల్సి వస్తుంది.’ నాలుగేళ్ల పిల్ల దీన్ని అర్థం చేసుకోగలదు. చచ్చిపోతావు అన్న మాట ఆ వయసుకు అర్థం లేనిది.

దెబ్బల విషయానికి వస్తాను. చాలా ఏళ్ల కిందట ఒక రాత్రి పదకొండు గంటల వేళ ఏడాది పాపను దగ్గుతో, ఎగశ్వాసతో తీసుకొచ్చారు. సాయంత్రం వరకు బాగానే ఉందన్నారు. జలుబు, జ్వరం అని చెప్పారు, మేము కూడా మొదట న్యుమోనియా అనే అనుకున్నాము. పాప అన్న, ఆరేళ్లవాడు, వరండాలో బల్ల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నీళ్లు తాగుతావా అని అడగడానికి వెళితే, చెవిలో ‘నేను డాక్టరాట ఆడాను, దోమల మందు ఒక మూత ఇచ్చాను, నాన్నకు చెప్పొద్దు’ అన్నాడు. ప్లగ్గుకు పెట్టే దోమల ద్రవంలో ఎక్కువ భాగం కిరోసిన్ వంటి నూనె. అది కడుపులోకి పోతే చేసే హాని తక్కువ, శ్వాసలోకి జారితే ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. వంటనూనెకన్నా పలుచనిది కాబట్టి, దగ్గినా వాంతి అయినా సులువుగా జారుతుంది. ఇంట్లో ఆ సాయంత్రం వాంతి అయిందని, ఏదో తిండి పడలేదని వదిలేశారని అప్పుడు తెలిసింది. పాప తొమ్మిది రోజులు ఉండి కోలుకుని వెళ్లింది. కానీ అయిదు గంటలపాటు కారణం తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కడే ఉన్నాడు, వాడు దెబ్బలకు భయపడి నోరు విప్పలేదు.

దానికి పక్కనే ఇంకొకటి చెబుతాను. కొరుక్కుపేట బాల్వాడీలో ‘వచ్చి చెప్పు’ ఆట ఆడించిన కొన్ని వారాలకు ఒక నాలుగున్నరేళ్ల పిల్ల, దేవుడి గూటి దగ్గర తమ్ముడు తెల్లటి బిళ్ల చప్పరిస్తుంటే పరుగున వెళ్లి నాయనమ్మ చేయి పట్టి లాక్కొచ్చింది. అది హారతి కర్పూరం. ఆటోలో తీసుకొచ్చి మా విభాగంలో పడుకోబెట్టిన కొద్ది నిమిషాలకే బాబుకు ఫిట్స్ మొదలయ్యాయి. మంచం మీద, ఆక్సిజన్ పక్కన, మందు సిద్ధంగా ఉన్నచోట మొదలయ్యాయి కాబట్టి ఆపగలిగాము. ఆ పిల్ల అప్పుడు చెప్పకపోయి ఉంటే అవి ఇంట్లోనే మొదలై ఉండేవి.

ఆ ఆట ఇలా ఉంటుంది. బొమ్మను తీసుకుని, ‘ఈ బొమ్మ ఏదో తాగేసింది, ఇప్పుడు నువ్వేం చేస్తావు?’ అని అడగండి. పిల్ల వంటింట్లో ఉన్న మీ దగ్గరకు నిజంగా పరుగెత్తుకు రావాలి, కొంగో చేయో పట్టుకుని లాగాలి, ‘తాగేసింది’ అనాలి. మీరు చేతిలో పని వదిలేసి ‘చెప్పావు, మంచిపని చేశావు’ అని వెంట వెళ్లాలి. వారానికొకసారి, నెల రోజులు. ఇందులో కష్టమైన భాగం పిల్లది కాదు, మనది. పాలు ఒలకబోసినప్పుడు, గ్లాసు పగలగొట్టినప్పుడు వచ్చి చెప్పిన పిల్లను మనం కసురుకుంటే, నెల రోజుల ఆటా వృథా. చిన్న తప్పు చెప్పినప్పుడు ఏం జరుగుతుందో చూసే పిల్లలు పెద్ద తప్పు చెప్పాలా వద్దా అని నిర్ణయించుకుంటారు.

మీ ఇంట్లో జరిగిన జ్యూసు సీసా సంగతి మీద నా మాట కొంచెం కటువుగా ఉంటే మన్నించండి. తినే, తాగే వస్తువుల సీసాలలో, డబ్బాలలో మరేదీ పోయకూడదు. ఒక్క గంట కోసమైనా పోయకూడదు. అయిదేళ్ల బాబు ఒకడు, పండగ శుభ్రాలు చేస్తున్న రోజున, ఎండలో ఆడి వచ్చి నీళ్ల సీసా ఎత్తి తాగాడు. అందులో ఉన్నది బండి మీద కొన్న బాత్‌రూమ్ యాసిడ్. ఆ బిడ్డ ఏ నియమమూ మీరలేదు, నీళ్ల సీసాలో నీళ్లు తాగాడు. యాసిడ్ కాల్చిన అన్నవాహిక మానుతూ మానుతూ ముడుచుకుపోతుంది. రెండేళ్లపాటు కొన్ని వారాలకొకసారి మత్తు ఇచ్చి దాన్ని వెడల్పు చేయించుకుంటూ, ఆ పిల్లవాడు ద్రవాహారం మీద పెరిగాడు. యాసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013లో, గుర్తింపు పత్రం చూసి రిజిస్టరులో రాసుకోకుండా ఎవరికీ, 18 ఏళ్లు నిండనివారికి అసలే, యాసిడ్ అమ్మకూడదని ఆదేశించింది. అయినా పేరూ లేబులూ లేని సీసాలు ఇళ్లలోకి వస్తూనే ఉన్నాయి. మీరు కొనకండి, పనిమనిషి తెచ్చినా వద్దనండి. గొట్టాలు తెరవడానికి వాడే తెల్లటి గుళికలు క్షారం, అవి ఇంకా లోతుగా కాలుస్తాయి. పనిమనిషితో మాట్లాడేటప్పుడు తప్పు పట్టినట్టు కాకుండా, పాపకు చేసిన ఉప్పు, పంచదార ఆటను ఆమె ఎదుట చేసి చూపండి. ఆమె ఇంట్లో కూడా పిల్లలు ఉండి ఉంటారు. ఫినాయిలు కలిపిన బకెట్టు పాలరంగులో గది మధ్యన ఉంటుందని, దాన్ని వదిలి ఫోను ఎత్తడానికి కూడా వెళ్లకూడదని చెప్పండి. యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో గాని బ్లీచుతో గాని కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బాత్‌రూమ్‌లో అది ఊపిరాడనివ్వదు. ఇది పెద్దలు నేర్చుకోవలసిన పాఠం.

మన ఇళ్లలో ఎవరూ రసాయనాలుగా లెక్కపెట్టనివి కొన్ని ఉన్నాయి. కర్పూరం గురించి చెప్పాను. ఒక గ్రాముతో చిన్నపిల్లల ప్రాణం పోయిన సందర్భాలు వైద్యంలో నమోదై ఉన్నాయి, చూడడానికి అది కలకండలా ఉంటుంది. బీరువాలో వేసే కలరా ఉండలు పిప్పరమెంట్లలా ఉంటాయి. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పిల్లలలో అవి ఎర్ర రక్తకణాలను విరగ్గొడతాయి, ఒకటి రెండు రోజుల తరువాత మూత్రం ముదురురంగుగా వచ్చేదాకా ఏమీ తెలియకపోవచ్చు. తాంబూలంలో వేసుకునే సున్నం ప్లాస్టిక్ ప్యాకెట్లలో వస్తోంది. పిల్లలు దాన్ని పిసుకుతారు, అది పగిలి కంట్లోకి చిమ్ముతుంది, నల్లగుడ్డు మీద పొర కట్టి చూపు పోయిన పిల్లలను నేను చూశాను. చీమల చాక్‌పీసు పలక బలపంలా ఉంటుంది. ఎలుకలకు పెట్టే పసుపు భాస్వరం పేస్టు టూత్‌పేస్టులా ఉంటుంది, అన్నిటిలోకీ నాకు భయం కలిగించేది అదే. తిన్న బిడ్డ మొదటి ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనబడి, ఆ తరువాత కాలేయం చెడిపోతుంది. దానికి విరుగుడు లేదు. పిల్లలున్న ఇంట్లోకి అది రానే కూడదు. ఎలుకలకు బోను పెట్టుకోండి. రిమోట్లలో, ఆటబొమ్మలలో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటలలో అన్నవాహికను కాల్చగలదు.

పాపకు ఆరేళ్లు వచ్చి అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టిన తరువాత లేబుళ్లు నేర్పవచ్చు. మన దేశంలో పురుగుమందుల డబ్బాల మీద, దోమల ద్రవాలతో సహా, మూలమీద నిలబెట్టిన చతురస్రం ఉంటుంది. దాని కింది సగం రంగును బట్టి విషతీవ్రత తెలుస్తుంది: ఎరుపు అన్నిటికన్నా తీవ్రం, తరువాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని పిల్లలే నాకు చూపించారు. బిస్కెట్టు పొట్లం మీద ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారమని, తినవచ్చని వాళ్లకు అప్పటికే తెలుసు. ఒక బాల్వాడీలో దోమల ద్రవం బొమ్మ చూపిస్తే ‘పచ్చగుర్తు ఉంది, తినొచ్చు’ అని ఒక పిల్లవాడు ధీమాగా చెప్పాడు. అప్పటినుంచి రెండు గుర్తులనూ పక్కపక్కన గీసి చూపిస్తున్నాను: నిటారు చతురస్రంలో చుక్క ఉంటే తిండి, వంకర చతురస్రంలో రంగు ఉంటే ఏ రంగైనా విషమే. ఈ వయసులోనే వంటసోడా, నిమ్మరసం కలిపి పొంగించే వీడియోలు చూసి బాత్‌రూమ్‌లో ఉన్నవన్నీ కలపాలని పిల్లలకు సరదా పుడుతుంది. ఆ సరదాను చంపకండి. వంటింట్లో మీరు పక్కన ఉన్నప్పుడు, తినే వస్తువులతో మాత్రమే అని హద్దు గీయండి.

ఇంత చేసినా ఏదైనా జరిగితే చేయవలసింది క్లుప్తంగా రాస్తున్నాను. వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు, చింతపండు నీళ్లు, కుంకుడు రసం, పచ్చిగుడ్డు, ఏదీ పోయకండి. కాల్చే పదార్థం వాంతితో గొంతును రెండోసారి కాలుస్తుంది, కిరోసిన్ వంటిది ఊపిరితిత్తులలోకి పోతుంది, ఉప్పు ఎక్కువైతే అదే విషమవుతుంది. నోట్లో మిగిలినదాన్ని తడిగుడ్డతో తుడవండి. ఒంటిమీద పడితే బట్టలు విప్పి ధారగా నీళ్లు పోయండి. కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని కనీసం 20 నిమిషాలు కడిగిన తరువాతే బయలుదేరండి, సున్నమైతే ముందు తెల్లటి ముక్కలను తుడిచి తీయండి. సీసాను, మిగిలిన పొట్లాన్ని వెంట తీసుకురండి. అంబులెన్సుకు 108. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి 1800 116 117 అన్న ఉచిత నంబరు ఉంది, ఏ వేళనైనా పలుకుతారు. ఫ్రిజ్ తలుపు మీద రాసి అతికించండి. అయితే బిడ్డ మగతగా ఉన్నా, ఊపిరికి కష్టపడుతున్నా, ఫిట్స్ వచ్చినా ఫోన్లతో సమయం గడపకుండా దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. పిల్లలకు ప్రత్యేకంగా చూసే పెద్దాసుపత్రి, ఎగ్మూరులోని ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి వంటిది, దగ్గరలో ఉంటే మంచిదే. వేళచ్చేరి నుంచి సాయంత్రపు రద్దీలో అక్కడిదాకా పోవాలని మాత్రం పట్టుబట్టకండి. ముందు దగ్గర ఉన్నచోట ఊపిరి నిలబెట్టించండి.

చివరగా మీ అత్తగారి సంగతి. ‘మా పిల్లలందరూ ఇలాగే పెరిగారు’ అన్న మాటను నేను వందల నోళ్ల వెంట విన్నాను, వాదించి ఎవరినీ మార్చలేకపోయాను. పనికొచ్చింది ఒక్కటే. ఆమెను ఈ పనిలో పెద్దను చేయండి. పగటిపూట మీరు ఆఫీసులో ఉన్నప్పుడు పాప పరుగెత్తుకుని వెళ్లేది ఆవిడ దగ్గరికే కాబట్టి, ‘వచ్చి చెప్పు’ ఆటను ఆవిడతోనే ఆడించండి. బొమ్మ ఏదో తాగిందని పాప వచ్చి నాయనమ్మ కొంగు పట్టుకుని లాగాలి, ఆవిడ లేచి వెళ్లాలి. కర్పూరం డబ్బాను దేవుడి గూట్లోంచి తీసి పైన గడియ ఉన్న అరలో పెట్టే బాధ్యత ఆవిడకే అప్పగించండి. బీపీ మాత్రలు, సున్నం ప్యాకెట్టు ఉండే ఆవిడ చేతిసంచీ పాపకు అందని కొక్కేనికి వేలాడాలని మీ భర్తచేత చెప్పించండి. కొడుకు చెబితే నొచ్చుకోకుండా వినే మాటలు కొన్ని ఉంటాయి.